ఆకుపచ్చ తలుపు

అబిడ్స్ వెనక గల్లీలో, రెండో అంతస్తు కిరాయి గదిలో, పొద్దున్నే ఆరింటికి అనసూయ నాలుగోసారి టీ పెట్టింది. తొమ్మిదింటికి నాంపల్లి దవాఖానలో భర్త రాజనర్సుకు మెదడు పరీక్ష ఉంది. ముందురోజు రాత్రంతా రోగి నిద్రపోకూడదని చీటీలో రాసిచ్చారు. రోగి సంగతి సరే, ఆయన్ని మేలుకొలిపి ఉంచే మనిషి గతేమిటో మాత్రం అందులో లేదు. పదకొండేళ్లుగా ఆయన ఫిట్స్‌తో వేగి వేగి ఆమె ఒళ్లు హూనమైంది.

"మెదడులో కొన్ని కణాలుంటాయమ్మా. ఈ గదిని చూసి ఆ గది అనుకోకుండా, జ్ఞాపకాలు కలిసిపోకుండా చూసేవి అవే. పక్క కణాలు ఒక్కసారిగా చెలరేగకుండా అదుపు చేసేవీ అవే. మీ ఆయనకి అవి చచ్చిపోతున్నాయి" అన్నాడు డాక్టర్, పోయినసారి చూపించినప్పుడు. నిజమే. ఫిట్ వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి మరిచిపోయి లేస్తున్నాడు. తమ్ముడి పేరు పోయింది. పెళ్లి పోయింది. ఇక తన ముఖం కూడా ఎప్పుడు పోతుందోనని అనసూయ భయం.

ఫిట్‌కు ముందు ఆయనకు ఎప్పుడూ ఒకటే గది కనిపించేది. ఆకుపచ్చ తలుపు. లోపల అటు తిరిగి కూర్చున్న ఒక ఆడమనిషి. అలాంటి గదికి ఆయన ఎన్నడూ వెళ్లింది లేదు.

టీ గ్లాసు నోటిదాకా తెచ్చిన రాజనర్సు ఆగిపోయాడు.

"అనసూయా... రంగు వాసనొస్తుంది. ఇప్పుడే ఏసినట్టు."

ఈ గదికి సున్నమేసే ఆరేళ్లయింది.

"నా దిక్కు చూడయ్యా. నన్నే చూడు."

"గామె... ఇటు తిరిగింది."

"ఎవరయ్యా?"

"నువ్వే..."

గ్లాసు జారింది. మనిషి పడిపోయాడు. అనసూయ పక్కకి తిప్పి పడుకోబెట్టింది. చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ ఆగవని డాక్టర్ ఎన్నిసార్లు కోప్పడినా అత్త నేర్పిన అలవాటు పోలేదు. తాళంచెవుల గుత్తి ఆయన పిడికిట్లో కుక్కింది. ఉన్నవి రెండే. ఒకటి గదిది, ఒకటి బీరువాది.

ఒక నిమిషం... రెండు... కింద ఎవరో షట్టర్ ఎత్తుతున్నారు... మూడు.

వణుకు ఆగింది. రాజనర్సు మెల్లగా కళ్లు తెరిచి ఆమెను చూశాడు. చాలాసేపు చూశాడు.

"నువ్వెవరమ్మా?"

ఏడవడానికి కూడా ఓపిక లేదు ఆమెకి.

"అనసూయనయ్యా. నీ పెండ్లాన్ని."

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎవరైనా వింటారేమో అన్నట్టు గొంతు తగ్గించాడు.

"అనసూయ గా రూముల ఉన్నది. ఎంత మొత్తుకున్నా ఇనలే నేను... బయటికెల్లి తాళమేసి వచ్చిన."

ఫిట్ తర్వాత మాటలు అట్లాగే ఉంటాయిలే అనుకుంది. బిగుసుకున్న వేళ్లు ఒక్కొక్కటే విప్పి గుత్తి తీసుకుంది.

తాళంచెవులు మూడున్నాయి.

మూడోదాన్ని పట్టుకుంటే వేలికి ఆకుపచ్చ రంగు అంటింది. ఇంకా తడిగానే ఉంది.