ఎండకాలంలో బిగిసిన తలుపు

నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు నా దగ్గర ఉన్నది పన్నెండు వేలు. అందులో సగం పెట్టి కట్టె నునుపు చేసే పాత రంద మిషన్, డ్రిల్లు కొన్నాను. మిగతా సగం ఉలులకు, గరుకు కాగితానికి, లప్పానికి, వార్నీషుకు పోయింది. పాశమైలారం మందుల కంపెనీలో కాంట్రాక్టు పని మానేసి, బండి వెనక రేకు పెట్టె కట్టించుకుని, దాని మీద "తలుపులు, కిటికీలు, అద్దాలు: ఏడాదికోసారి చూసుకుంటాం. చార్లీ" అని, కింద నా ఫోన్ నంబరు రాయించాను. ఆ రోజు మా అమ్మ హన్నా పెట్టె మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఆమెకు నేను తప్ప ఎవరూ లేరు. నాకు ఆమె తప్ప ఎవరూ లేరు.

మా వైపు కట్టె వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. జూలైలో భుజం వేసి తోస్తే గాని రాని తలుపు, ఏప్రిల్ వచ్చేసరికి గాలికి కొట్టుకుంటుంది. భూములు అమ్మిన డబ్బుతో అందరూ టేకు తలుపులు పెట్టించుకున్నారు. వాటి బాగోగులు చూసేవాడు మాత్రం ఎవడూ లేడు. నాకు అక్కడే బతుకు కనిపించింది.

ఏప్రిల్‌లో వెంకటేశం అనే ఆయన ఫోన్ చేశాడు. కంపెనీల వెనక, ఊరి చివర ఇల్లు.

"ఆర్నెల్లు మూసిన ఇల్లు బిడ్డా. మా అన్న రామన్న పోయిండు. నక్షత్రం మంచిగలేదని అయ్యగారు ఇల్లు మూసిపెట్టమన్నడు. ఇగ గడువైపోయింది. తలుపులు, కిటికీలు ఎట్లున్నయో జెర సూడాలె."

"మీ ఊర్ల కట్టెపని చేసేటి వడ్లోళ్లు లేరా పటేలా?"

"ఉన్నరు. రారు. భయం. మీకు గసొంటి పట్టింపులు ఉండవు గదా?"

ఉండవన్నాను. నవ్వాను కూడా. ఫోన్ పెట్టేలోపే లెక్క వేసుకున్నాను. చుట్టుపక్కల ఇలా మూసిన ఇళ్లు ఎన్ని ఉంటాయి? వాటిలోకి ఇంకెవరూ వెళ్లకపోతే? పోటీ లేని పని. నాది మామూలు తెలివి కాదనుకున్నాను.

మధ్యాహ్నం నేను వెళ్లేసరికి వెంకటేశం రోడ్డు మీద, కారు పక్కన నిలబడి ఉన్నాడు. తాళంచెవి చేతికివ్వలేదు. ప్రహరీ గోడ మీద పెట్టాడు.

"మీరు రారా?"

"నువ్ నడువ్ బిడ్డా ముందుగాల. నాకు మోకాళ్ల నొప్పి. మెట్లెక్కలేను."

ఆ ఇంటికి మెట్లు లేవు.

ఎదురుగా చిన్న టీ కొట్టు. ధనలక్ష్మి అని ఒకావిడ నడుపుతోంది. గ్లాసు కడుగుతూ నన్ను కిందికీ మీదికీ చూసింది.

"లగ్గమైందా తమ్మీ?"

"లేదక్కా. సంబంధమేమన్న ఉన్నదా?"

"ఇంట్ల ఎవరుంటరు?"

"అమ్మొక్కతే."

ఆమె కడిగిన గ్లాసు మళ్లీ కడిగింది.

ముందు తలుపు తెరిచాను. లోపలంతా దుమ్ము, ఎలుకల వాసన. కట్టె ఎండకాలం లెక్క ప్రకారమే ముడుచుకుని ఉంది. ప్రతి తలుపుకూ దాని చౌకట్టుకూ మధ్య రెండు రూపాయల బిళ్ల పట్టేంత సందు. అద్దాల చుట్టూ వాటిని పట్టి ఉంచే లప్పం ఎండి రాలుతోంది. వంటింటి కిటికీకి చెదలు. ఒక్కొక్కటే చూసుకుంటూ వెనక గదికి వచ్చాను.

ఆ తలుపుకు బయటివైపు గడియ ఉంది. పడుకునే గదికి బయట గడియ ఎందుకో అర్థం కాలేదు. తీసి తోశాను. రాలేదు. భుజం వేశాను. రాలేదు. సందులో బిళ్ల కాదు కదా, గోరు కూడా పట్టలేదు. అరచేయి ఆనించాను.

తడి.

నెల రోజులుగా చినుకు లేదు. ఆ గోడలో నీళ్ల పైపు లేదు. పక్క తలుపు చేత్తో తడిమాను. కరకరలాడే ఎండు కట్టె. ఈ ఒక్కటే వానకాలంలో ఉన్నట్టు బిగుసుకుంది.

ఇంటి వెనక్కి వెళ్లాను. ఆ గది కిటికీ ఉండాల్సిన చోట గోడకు బొంద, దాని మీద టార్పాలిన్. కిటికీని చౌకట్టుతో సహా కోసి గోడకు ఆనించారు. రామన్న శవాన్ని అటునుంచే తీశారని వెంకటేశం ముందే చెప్పాడు. చెడ్డ నక్షత్రంలో పోయిన మనిషిని గడప దాటించరు. ఆ కిటికీని మళ్లీ బిగించడమే నా పనిలో పెద్దది. టార్పాలిన్ ఎత్తి, ఆ బొందలోంచే గదిలోకి దిగాను.

బయట కంపెనీల ఘాటు వాసన. లోపల మాత్రం వాన వాసన. తడిసిన మట్టి, నానిన బట్టలు, ఏదో దగ్గు మందు. ఒక మంచం ఉంది. తలుపు లోపలివైపు, ఛాతీ ఎత్తున వార్నీషు అరిగిపోయి తెల్లటి కట్టె బయటపడింది. ఎవరో అదే చోట చాలాసేపు కొట్టినట్టు, గీకినట్టు. ఆ మచ్చ మీద నా చెయ్యి పెట్టి చూశాను. చూపుడు వేలి దగ్గర ఒక గీత, చిటికెన వేలి దగ్గర ఒక గీత. మధ్యలో ఏమీ లేదు.

పిడి పట్టుకుని లాగాను. రాదనుకున్నాను. తలుపు దూదిలా వచ్చేసింది.

వెనక ఎవరో దగ్గారు. ఆ తర్వాత...

"వచ్చింది."

ఆ మాట నేనే అన్నానేమో. ఖాళీ గది కదా, గొంతు మారి వినిపించింది అనుకున్నాను. కానీ దగ్గు నాది కాదు.

తలుపు మళ్లీ తడిమాను. ఎండిపోయి ఉంది. బిళ్ల పట్టేంత సందు కూడా ఉంది. కట్టె ఒక్క నిమిషంలో ఆరదు. ఆరనే ఆరదు. అయినా పని సులువైందని సంతోషపడి, ఆ తలుపులోంచి ఇంట్లోకి నడిచి బయటికి వచ్చాను. నా అడుగు వెనకే ఇంకో అడుగు వినపడుతున్నట్టు అనిపించింది. బూట్లు వదులుగా ఉన్నాయనుకున్నాను.

కిటికీ బిగించి, బయట నిలబడి అద్దాలకు లప్పం పెట్టేసరికి పొద్దుగూకింది. కరెంటు పోయింది. ఫోన్ లైటు నోట్లో పెట్టుకుని చివరి అద్దం అంచు నునుపు చేస్తున్నాను. లోపలివైపు అద్దం మీద ఆవిరి పట్టింది. రూపాయి బిళ్లంత. పోయింది. మళ్లీ పట్టింది. ఊపిరిలా... పోయింది... పట్టింది.

లైటు దగ్గరికి జరిపాను.

లోపలి అంచున, అద్దం సందులోంచి అప్పుడే లోపలికి పొంగిన మెత్తటి లప్పంలో వేలిముద్రలు. చూపుడు వేలు. చిటికెన వేలు. మధ్యలో ఖాళీ.

పెట్టె మూత కూడా సరిగా వేయకుండా రోడ్డు మీదికి వచ్చాను. వెంకటేశం నా ముఖం చూశాడు. ఏమైందని అడగలేదు. డబ్బులు ఫోన్‌లో కొట్టాడు. నేను అడిగినదానికంటే ఎక్కువే.

"వెనక గది తలుపు...?"

"తెరుసుకుంది."

"మంచిది. ఎనకకు సూడకుండ పో బిడ్డా."

అంటూనే గేటు తోసి, మోకాళ్ల నొప్పి లేని మనిషిలా చకచకా ఇంట్లోకి నడిచాడు. ఆర్నెల్ల తర్వాత, నేను అడుగుపెట్టి వచ్చాకే.

బండి స్టార్ట్ చేస్తుంటే ధనలక్ష్మి వచ్చి హ్యాండిల్ పట్టుకుంది. గొంతు తగ్గించింది.

"నక్షత్రం లేదు, గిక్షత్రం లేదు తమ్మీ. రామన్నకు దగ్గు. ప్రెస్ మిషిన్ల నడిమి వేళ్లు రెండు పోయినంక కంపెనోళ్లు ఇంటికి పంపిండ్రు. రాత్రంత దగ్గుతుండని వీళ్లు వెనక అర్రల ఏసి గడియ పెట్టేటోళ్లు. పోయిన వానలకు తలుపు ఉబ్బి బిగిసింది. పగలగొట్టున్రి అని నేనన్న. టేకు తలుపు, వాన తగ్గితే అదే వదులైతది అన్నడు ఈయన. రెండు దినాలు కిటికీలకెళ్లి బువ్వ పెట్టిండ్రు. మూడో దినం తీసుకునేటోడు లేడు."

"మరి కిటికీ..."

"అప్పుడు కోసిండ్రు. సచ్చినంక."

ఆమె హ్యాండిల్ వదల్లేదు.

"ముందుగాల అడుగుపెట్టినోని ఎంబడి రామన్న పోతడని అయ్యగారు చెప్పిండట. బీహారోళ్లను అడిగిండ్రు, రాలే. గందుకే నిన్ను దెచ్చిండు. నువ్ వచ్చినప్పుడే చెప్పకపోతిని... ఆయన జాగలనే నా కొట్టు."

నా పనితనం చూసి పిలిచాడనుకున్నాను. వాళ్లకు కావలసింది వాళ్ల గడపలో వేయడానికి ఒక అడుగు. పెట్టె మీద నా పేరు చూసి, వీడిదైతే ఫరవాలేదనుకున్నారు. ఎన్నో లెక్కలు వేసిన నేను ఆ లెక్క ఒక్కటి వేయలేదు.

ముత్తంగి దాటేటప్పుడు బండి ఇద్దరిని మోస్తున్నట్టు లాగింది. అద్దంలోకి చూడలేదు. మా నమ్మకంలో ఇలాంటివి లేవని పైకే అనుకుంటూ నడిపాను.

పోతిరెడ్డిపల్లిలో మాది ఒకే గది కిరాయి ఇల్లు. ఒక తలుపు, ఒక కిటికీ. ఆ తలుపును నేనే రంద పట్టాను. చిటికెన వేలితో తోస్తే తెరుచుకుంటుంది. సందులోంచి లైటు గీత బయటికి పడుతూ ఉండాలి.

గీత లేదు.

తోశాను. రాలేదు. అరచేయి ఆనించాను.

తడి.

"అమ్మా!"

"వచ్చినవా బిడ్డా?" లోపలినుంచి అమ్మ. "తలుపేమో బిగిసింది. ఎంత గుంజినా వస్తలేదు. పొద్దున మంచిగనే ఉండె."

"జరగమ్మా. పగలగొడ్త."

నేను వెంకటేశాన్ని కాను. భుజం వేశాను. ఒకటి. రెండు. ఉలి పెట్టి సుత్తితో కొట్టాను. పచ్చికట్టెలోకి దిగినట్టు దిగింది, అక్కడే చిక్కుకుపోయింది. పక్కింటివాళ్లను పిలిచాను. ఎవరి తలుపూ తెరుచుకోలేదు.

"చార్లీ..." అమ్మ గొంతు సన్నగా ఉంది. "నువ్వు లోపలికెప్పుడు వచ్చినవురా? ఇందాకటి నుంచి దగ్గుతున్నవు."

నేను దగ్గలేదు.

"ఇంట్ల గాలి ఆడుతలేదు బిడ్డా."

కిటికీ దగ్గరికి పరుగెత్తాను. గ్రిల్లుకు నాలుగే స్క్రూలు. రెండు నిమిషాల పని. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది. కానీ చెయ్యి లేవలేదు. కిటికీలోంచి ఎవరిని తీస్తారో ఆ రోజే చూసి వచ్చాను.

పోయిన నెలలో నేను పెట్టిన లప్పం, రాయిలా ఎండిపోయిన లప్పం... ఫోన్ లైటులో నల్లగా రెండు గుంటలు. మధ్యలో ఖాళీ.

అద్దం మీద తట్టాను.

"అమ్మా?"

ముందు దగ్గు వినిపించింది. ఆ తర్వాత మాట, అమ్మదో కాదో తెలియని గొంతుతో.

"కిటికీ తియ్యి బిడ్డా."

మొదటి స్క్రూ మీద మొన ఆనించాను.