పట్టు బంగళాలో ఎవరో వాడుతున్నారు

అరకు నుంచి కోడిమెట్టకి ఎక్కే దారిలో, మూడో మలుపు దాటాక, ఎడమచేతి వైపు ఒక రాతి ఇల్లుంది. ఒకప్పుడు అందులో పట్టుపురుగులు పెంచేవారు. పురుగులు పోయాయి, పెంచినవాళ్లు పోయారు... పేరు మాత్రం మిగిలింది. పట్టు బంగళా.

చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు ఎవరూ ఆగరు. ఆగినా నోరు విప్పరు. ఎందుకంటే ఆ ఇల్లు పిలుస్తుందట. పేరు పెట్టి మరీ పిలుస్తుందట. వెనకటికి అక్కడ కాపలా ఉన్న మనిషి ఒక రాత్రి తన పేరు వినబడితే, "ఆఁ... వస్తన్నా" అని తలుపు తీసుకుని వెళ్లాడు. తెల్లారి కింద పారే గెడ్డలో శవమై దొరికాడు. చెప్పులు మాత్రం గుమ్మం దగ్గరే ఉన్నాయి — జతగా, ఎవరో సర్ది పెట్టినట్టు.

అప్పట్నుంచి సంత నుంచి ఆలస్యంగా తిరిగొచ్చే ఆడవాళ్లు కూడా ఆ మలుపులో మాటలు ఆపేసి గబగబా నడుస్తారు. వెనకనుంచి సొంత కూతురు పిలిచినా పలకరు.

ఫల్గుణకి ఇదంతా తెలుసు. అతనిది ఆ కొండ కింద ఊరే. తెలిసి కూడా మొన్న డిసెంబరులో, పొగమంచు దిగిన ఒక రాత్రి, ఒక్కడే ఆ ఇంటికి వెళ్లాడు. దెయ్యమంటే భయం లేక కాదు... ఆ రోజు అతని కడుపుమంట ముందు ఏ భయమూ ఆనలేదు.

సంగతేమిటంటే — కొండ జనం పాటలు మరుగున పడిపోకుండా దాచే సంఘం ఒకటి అరకులో ఉంది. ఫల్గుణ అందులో ఆరేళ్లుగా పనిచేస్తున్నాడు. రికార్డరు భుజాన వేసుకుని, జలగలు కరుస్తున్నా ఊరూరూ ఎక్కి దిగి, నాలుగు వందల పైచిలుకు పాటలు పట్టుకొచ్చాడు. సంఘంలో కంప్యూటర్లు చూసేదీ అతనే. పాటలన్నీ అరకు ఆఫీసులో సర్వర్ మీద ఉంటాయి. తక్కువ అద్దెకి దొరికిందని పట్టు బంగళా తీసుకుని, అక్కడ ఒక కంప్యూటరు పెట్టి పాటలు శుభ్రం చేసే గది చేశారు. పగలు పని, అయిదింటికి తాళం.

బంగళా కంప్యూటర్లో పాటలేమీ ఉండవు. అరకు సర్వర్లో ఉన్న ఫోల్డర్‌ని ఇంటర్నెట్ లైను మీదుగా తెచ్చి ఇక్కడ తగిలిస్తారు. దాన్ని మౌంట్ చెయ్యడమంటారు. తగిలించి ఉన్నంతసేపూ పాటలు ఇక్కడే ఉన్నట్టు కనబడతాయి. ఊడదీస్తే — అన్‌మౌంట్ చేస్తే — ఖాళీ ఫోల్డర్ మిగులుతుంది. ఆ తగిలించే, ఊడదీసే పాస్‌వర్డు ఒక్క ఫల్గుణ దగ్గరే ఉంది. ఎవరడిగినా ఇవ్వలేదు.

ముఖ్యంగా ప్రసన్న అడిగితే ఇవ్వలేదు.

ప్రసన్న సాలూరు పిల్ల. వచ్చి ఎనిమిది నెలలు. ఫల్గుణ పట్టిన పాటలన్నిటికీ పేర్లు పెట్టింది, పాడినవాళ్ల ఫొటోలు వెతికి చేర్చింది, ఏ పాట ఎవరిదో చిటికెలో దొరికేట్టు సర్దింది. అంతే... సంఘం పెద్ద ధనుంజయ్ గారికి ఇక నోరు తెరిస్తే ప్రసన్నే. "ఆ అమ్మాయి రాకపోతే ఈ పాటలన్నీ గోనెసంచిలో కాఫీ గింజల్లా పడుండేవయ్యా!"

ఆ మాట ఫల్గుణ ఎదురుగానే అన్నారు. గింజలు ఏరి తెచ్చినవాడు ఎదురుగానే ఉన్నాడు మరి.

మర్నాడు పదింటికి విశాఖపట్నం నుంచి పెద్దలు వస్తున్నారు. పట్టు బంగళాలోనే పాటలు వినిపించాలి. ఆ మధ్యాహ్నం ధనుంజయ్ గారు ఫల్గుణని పిలిచి, "రేపు ప్రసన్న మాట్లాడుతుంది. నువ్వు కరెంటు పోకుండా చూసుకో" అన్నారు.

కరెంటు పోకుండా!

ఫల్గుణ తలూపాడు. సాయంత్రం తానే బంగళాకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని ఆఫీసుకొచ్చాడు. అందరూ వెళ్లేదాకా కూర్చున్నాడు. ఏడు దాటాక, బంగళా కంప్యూటర్లోకి లైను మీదే లాగిన్ అయ్యాడు. పాటల ఫోల్డర్ ఊడదీసేస్తే సరి. రేపు పెద్దలందరి ముందూ ప్రసన్న మీట నొక్కుతుంది... ఖాళీ. పాట లేదు, ఫొటో లేదు. అప్పుడు ధనుంజయ్ గారు చుట్టూ చూస్తారు. "ఫల్గుణా!" అంటారు. అప్పుడు లేచి వెళ్లొచ్చు — నెమ్మదిగా.

కమాండ్ కొట్టాడు.

తెర మీద ఒకే ఒక్క లైను వచ్చింది. కుదరదు, ఎవరో వాడుతున్నారు.

మళ్లీ కొట్టాడు. అదే జవాబు.

ఫోల్డర్లో ఏ పాటైనా తెరిచి ఉంటే అది ఊడిరాదు. కానీ ఎవరు తెరుస్తారు? ఇంటికి తాళం ఉంది. తాళంచెవి తన జేబులో ఉంది... తడిమి చూసుకున్నాడు. ఉంది.

ఎవరు పట్టుకుని ఉన్నారో చూపించమని అడిగాడు. చూపించింది — ఒక పాట నడుస్తోంది. నడుపుతున్న పేరు, ప్రసన్న.

ఆ పని కుర్చీలో కూర్చున్న మనిషి చేస్తున్నదో, తనంతట తాను నడుస్తున్నదో కూడా అదే లైనులో పక్కనే ఉంది. ఫల్గుణ అంతదాకా చదవలేదు. పేరు చూశాడు. చాలు.

'దొంగతాళం చేయించుకుందన్నమాట! రాత్రిళ్లు కూర్చుని రేపటికి తయారవుతోందన్నమాట!'

మోటారు సైకిలు తీశాడు.

మొదటి మలుపు దాకా దారి కనబడింది. రెండో మలుపులో పొగమంచు లైటు వెలుగుని మింగేసింది. మూడో మలుపులో ఇంజను ఆపి, బండిని నెట్టుకుంటూ నడిచాడు, ఆమె చెవిన పడకూడదని. సిల్వర్ ఓక్ చెట్ల మీంచి నీళ్లు టప్... టప్... మని రాలుతున్నాయి.

బంగళా దగ్గర ప్రసన్న స్కూటీ లేదు.

లోపల దీపం లేదు.

తలుపుకి తాళం వేలాడుతోంది. తాను వేసిన తాళమే. పట్టుకుని లాగాడు. చల్లగా, తడిగా, గట్టిగా ఉంది.

లోపల — ఎవరో పాడుతున్నారు.

ముసలి ఆడగొంతు. చోళ్లు, అదే రాగులు, దంచుతూ పాడే పాట... మధ్య మధ్య రోకటి పోటుకి ఊపిరి తెగుతోంది. ఎక్కడో విన్న గొంతే. ఎక్కడ? ఫల్గుణ చెయ్యి తాళం మీదే ఆగిపోయింది. పాట ఆగింది. ఒక దగ్గు. తర్వాత —

"ఫల్గుణా..."

తాళం మీంచి చెయ్యి తీసేశాడు.

"ఓ ఫల్గుణా... ఇలాగ రా బాబూ..."

పలకకూడదు. పళ్లు బిగించాడు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. గాలి కూడా బయటికి రాకుండా మూసుకున్నాడు.

అప్పుడు లోపలినుంచి ఒక మగగొంతు పలికింది.

"ఆఁ... వస్తన్నానమ్మా."

ఆ గొంతు అతనిదే.

ఎలా పరిగెత్తాడో తెలీదు. మోటారు సైకిలు వెనక మోకాళ్ల మీద పడ్డాడు. ఆ ఇంట్లో ఉన్నదేదైనా దాని నోరు మూయించాలి, అంతే! ఫోన్ తీశాడు. దాంట్లోంచే బంగళా కంప్యూటర్లోకి లాగిన్ అయ్యాడు. ఎవరు పట్టుకుని ఉన్నా లెక్కచెయ్యకుండా తెంపేసే కమాండ్ ఒకటుంది. మామూలుగా అది వాడడు. ఇప్పుడు వాడాడు. ఫోల్డర్ తెరిచి చూశాడు.

ఖాళీ. ఒక్క పాటా లేదు.

లోపల మళ్లీ అందుకున్న పాట మాత్రం ఆగలేదు...

ఖాళీ ఫోల్డర్లోంచి, తాళం వేసిన ఇంట్లోంచి, ముసలమ్మ పాడుతూనే ఉంది. రోకలి పడుతూనే ఉంది. ఫల్గుణ చెవులు మూసుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి వినబడుతూనే ఉంది.

ఎంతసేపో... పాట తనంతట తానే అయిపోయింది.

నిశ్శబ్దం. ఆకుల నీళ్లు కూడా ఆగినట్టయింది.

ఇక లేవబోతుంటే, వరండా మూల చీకట్లోంచి మళ్లీ మొదలైంది అదే పాట. ఈసారి మగగొంతు. బొంగురుగా, శ్రుతి లేకుండా, రెండు మాటలకోసారి వెతుక్కుంటూ. ఒక నల్లటి మూట కదిలింది. మూటలోంచి చెయ్యి బయటికొచ్చి, పైనున్న కిటికీ చెక్కని నెమ్మదిగా తట్టింది.

"ఏటయింది?" అంది మూట. "ఒలే... ఏటి ఆపీసినావు?"

ఫోన్ లైటు వేశాడు ఫల్గుణ. గొంగళి కప్పుకున్న ముసలాయన. కళ్ల మీద వెలుగు పడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కోడిమెట్ట పైడయ్య.

అప్పుడు గుర్తొచ్చింది ఆ ఆడగొంతు. పైడయ్య పెళ్లాం సోములమ్మ. ఆ ఏటి వానల్లో జ్వరమొచ్చి చనిపోయింది.

"ఎవులు బాబూ?" అన్నాడు పైడయ్య.

"ఆఫీసు... మనిషిని." లైటు దించాడు. "ఇక్కడేం చేస్తన్నావు తాతా? ఈ చోట భయం లేదా?"

"ముసలిదాని పాట ఇంటన్నాను. బయమేటి? అది పిలిస్తే ఎల్లిపోడానికే గదా కూకున్నాను." ముసలాయన కిటికీ వైపు చూశాడు. "రోజూ ఏడింటికి పాడతాది. ప్రసన్న అని మీ ఆపీసు గుంట, ఆ పిల్లే పెట్టింది. 'నువ్వు తలుపు తియ్యక్కర్లేదు తాతా, కిటికీ కాడ కూకో, అదే పాడతాది' అని సెప్పింది. ఇయ్యేళ రెండు పాటలకే ఆగిపోనాది. ఇంకా అయిదున్నాయి."

ఫల్గుణకి ఇప్పుడు అర్థమైంది. ఏడు కాగానే కంప్యూటరు తనంతట తాను పాటలు నడిపేలా పెట్టుకుంది ప్రసన్న. అందుకే ఆమె పేరు. అందుకే ఫోల్డర్ ఊడలేదు. తెంపేసినా, అప్పటికే తెరిచి ఉన్న పాట చివరిదాకా నడుస్తుంది... ఆ సంగతి తనకి తెలియనిది కాదు. భయంలో బుర్ర పనిచెయ్యలేదు.

మరి ఆ పిలుపు? అదీ రికార్డింగులోదే. ఆరేళ్ల కిందట తానే పట్టాడు. దంచడం ఆపి దాహమేసి సోములమ్మ పిలిచింది. తాను పలికి, మంచినీళ్లు తీసుకెళ్లాడు. పట్టుకొచ్చి సర్వర్లో పడేశాడు. మళ్లీ ఒక్కసారి కూడా వినలేదు. ఆ పాటే కాదు... నాలుగు వందల్లో ఏ ఒక్కటీ వినలేదు.

ఆమె అన్నీ విన్నది. ఆ పిలుపు కోసెయ్యకుండా ఉంచింది.

"బాబూ," అన్నాడు పైడయ్య, "ఫల్గుణ సారని, నీకు తెలుసా?"

"...ఏం తాతా?"

"ఆయన కనబడితే ఓ మాట సెప్పు. ఆ గుంట సెప్పింది, 'ఇయన్నీ పట్టింది ఫల్గుణ సారు, నాను సర్దినానంతే' అని. ఆయన రాకపోతే నా ముసలిదాని పాట మట్టిలో కలిసిపోయీది. బేగి బాగు సెయ్యి బాబూ, నీకు దండవెడతాను."

ముసలాయన నిజంగానే చేతులు జోడించాడు.

ఫల్గుణకి అప్పుడు వచ్చిన ఏడుపు ఎలాంటిదో అతనికే తెలీదు. ఆరేళ్లుగా ఎవరైనా అంటారేమోనని ఎదురుచూసిన మాట అది. ఇప్పుడొచ్చింది... తాను అసూయపడుతున్న మనిషి నోటినుంచి బయల్దేరి, తాను ఇప్పుడే పాట దోచుకున్న మనిషి నోటి మీదుగా. ఇంత చేసి కూడా లోపల ఒక మూల మండుతూనే ఉంది. మంచితనంలో కూడా ఆమే ముందుంది!

తాళం తీశాడు. కంప్యూటరు ముందు కూర్చుని ఫోల్డర్‌ని మళ్లీ తగిలించాడు. పాటలు ఒక్కొక్కటే తెర మీదికి తిరిగొచ్చాయి. ప్రసన్న రాసి పెట్టుకున్న చిన్న ఫైలు తెరిచాడు. పైన ఒక లైనుంది. "పైడయ్య తాత కోసం. సోములమ్మ పాటలు, ఏడూ వరసగా." నడిపించాడు.

కిటికీ అవతల ముసలాయన నిట్టూర్చడం వినబడింది.

వెళ్లి పక్కన కూర్చున్నాడు. మొదటి పాట అయింది. రెండోది మొదలైంది. రోకలి, దగ్గు, ఆ పిలుపు... ఆ జవాబు.

పైడయ్య తల తిప్పి, లైటు లేని ఆ చీకట్లో అతని ముఖం కోసం చూశాడు.

"బాబూ... ఈ గొంతు నీదే గదా?"

జేబులో ఫోన్ మోగింది. ప్రసన్న.

"సార్, సారీ సార్, ఈ టైములో..." ఆమె మెల్లగా మాట్లాడుతోంది. "పట్టు బంగళాలో పాటల ఫోల్డర్ ఊడిపోయిందని నాకు మెసేజొచ్చింది. మళ్లీ తగిలినట్టుంది. ఏమయింది సార్? లైను పోయిందా?"

ఎంత సులువో! 'అవును, లైనే' అంటే చాలు. 'నేనొచ్చి బాగుచేశాను' అంటే ఇంకా బావుంటుంది. రేపు ధనుంజయ్ గారి ముందు ఆ పిల్లే చెబుతుంది, రాత్రిపూట ఫల్గుణ సార్ కొండెక్కి వచ్చారని. పక్కన పైడయ్య వింటున్నాడు. లోపల సోములమ్మ దంచుతోంది.

"లైను కాదు," అన్నాడు ఫల్గుణ. "నేనే ఊడదీశాను. రేపు నీకు పాటలు రాకూడదని."

పక్కన గొంగళి కదల్లేదు.

"తెలుసు సార్," అంది ప్రసన్న. "ఆ టైములో కంప్యూటర్లోకి వచ్చింది మీ పేరొక్కటే. ఏం చెబుతారో విందామనే ఫోన్ చేశాను."