వాన పడితే మెయిన్ బంద్

వీడియో మీటింగులో పై అధికారి "బెంజమిన్, మీ క్లస్టర్ ఊళ్లలో పంటల సంగతి చెప్పండి" అన్న నిమిషంలోనే ఇంట్లో కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. వైఫై పోయింది. ల్యాప్‌టాప్ తెర మీద అధికారి నోరు తెరిచినవాడు తెరిచినట్టే నిలిచిపోయాడు.

బెంజమిన్ విసురుగా వరండాలోకి వచ్చాడు. ఎదురింట్లో ఫ్యాను నిక్షేపంగా తిరుగుతోంది. తొలకరి వాన అప్పుడే జోరందుకుంటోంది. కింద మెట్ల పక్కన, మెయిన్ బాక్సు ముందు, గొడుగు పట్టుకుని ఒకమ్మాయి నిలబడి ఉంది. ఆమె చెయ్యి ఇంకా స్విచ్ మీదే ఉంది.

"ఎవరండి మీరు? మెయిన్ ఎందుకు బంద్ జేసిన్రు?"

"వాన పడుతుంది కద సార్."

"పడితే?"

"గోడలు తడుస్తయి. తడిస్తే మెయిన్ బంద్. మా ఇంట్ల గంతే."

"రూము ఇచ్చేటప్పుడు గీ ముచ్చట ఎవరు చెప్పలే నాకు."

"అప్పుడు ఎండలుండె," అంది ఆమె.

బెంజమిన్ రెండు మెట్లు దిగాడు. ఆ అమ్మాయి అతని వైపు చూడను కూడా లేదు. గోడ మీద పైకి పాకుతున్న తడి మరకనే చూస్తోంది, అదేదో పామైనట్టు.

ఆమె హెప్సిబా, ఇంటి ఓనరు సీమోను కూతురు. ఇచ్చోడలోనే ఒక ప్రైవేటు బడిలో టీచరు. వేసవి సెలవులకు కరీంనగర్‌లో పెద్దమ్మ ఇంటికి వెళ్లి, ఆ పొద్దునే తిరిగి వచ్చింది. బెంజమిన్ మెట్‌పల్లి వాడు. బోథ్ మండలంలో వ్యవసాయ విస్తరణాధికారిగా ఉద్యోగం వచ్చాక, ఊరికి బస్సులు దొరుకుతాయని హైవే మీదున్న ఇచ్చోడలో ఇల్లు వెతుక్కున్నాడు. మే నెలలో సీమోను మేడ మీద పోర్షన్ చూపించినప్పుడు గోడలు తెల్లగా, పొడిగా ఉన్నాయి. బస్సు డ్రైవరుగా రిటైరైన సీమోనుకు మోకాళ్లు అరిగిపోయాయి. ఇంటి మంచిచెడ్డలన్నీ కూతురే చూసుకుంటుందని ఆయన అప్పుడే చెప్పాడు. ఆ చూసుకోవడం ఈ రకంగా ఉంటుందని మాత్రం చెప్పలేదు.

జూలై వచ్చేసరికి బెంజమిన్‌కు ఆ ఇంటి అసలు రూపం తెలిసింది. షూ మీద పచ్చటి బూజు. బెల్టు మీద బూజు. ఉతికిన చొక్కాలు ఎన్నాళ్లకూ ఆరవు, ఆరినా వాసన పోదు. పడకగది గోడ మీద నల్లటి చుక్కలు మొదలై, వారం తిరిగేసరికి దేశపటంలా పరుచుకున్నాయి. అతను దాన్ని ఫోటో తీసి హెప్సిబాకు వాట్సాప్ పెట్టాడు. "మీ గోడ మీద పంట మంచిగ పండింది. సర్వే జేసి రాసుకోమంటరా?"

జవాబు రాలేదు. మనిషే వచ్చింది. ఒక చేతిలో బకెట్టు, ఒక చేతిలో బ్లీచింగ్ పౌడర్ డబ్బా, ముఖానికి మాస్కు. వెనకాల తల్లి సంతోషమ్మ చీపురుతో.

"అల్మార గోడకు ఎందుకు ఆనిచ్చిన్రు సార్? జానెడు ఇవతలికి జరపాలె. గాలి ఆడొద్దా?"

"గోడక్కూడ గాలి కావాల్నా?"

"మీకు కావాలె, గోడకొద్దా?"

తడి బట్టలు లోపల ఆరేయొద్దంది. వంట చేసేటప్పుడు కిటికీ తెరవమంది. ఎండ కనిపించిన పూట పరుపు ఎత్తి బయట వేయమంది. బయట వాన పడుతుంటే బట్టలెక్కడ ఆరేయాలని అతనడిగితే, తక్కువ ఉతుక్కోమంది.

"అంటే మురికిగ తిరగమంటరు."

మాస్కు వెనక ఆమె నవ్విందో లేదో తెలియదు గానీ కళ్ల కొసలు మాత్రం ముడుచుకున్నాయి. అంతలోనే ఆ కళ్లు స్విచ్ బోర్డు మీద పడ్డాయి. వెంటనే వాటిలో వెలుగు పోయింది. జేబులోంచి టెస్టరు తీసి ప్రతి బోర్డు చుట్టూ గోడను తాకించి చూసింది. ఒక్కో చోట రెండేసి సార్లు చూసింది. బెంజమిన్ ఎగతాళి చేద్దామనుకున్నవాడు మానేసి, అల్మారను జానెడు ఇవతలికి జరిపాడు.

ఆమె కిందికి దిగాక సంతోషమ్మ చీపురు గోడకు ఆనించి అతనికి అసలు సంగతి చెప్పింది. కొన్నేళ్ల కిందట ఆ పోర్షన్‌లో ఒక కుటుంబం ఉండేదట. వాళ్ల చిన్నపిల్ల జమున ఒక వానపూట కిటికీ ఊచ పట్టుకుంది. తడిసిన గోడలోంచి ఊచకు కరెంటు వచ్చి ఉంది. అరిచిందీ హెప్సిబాయే, పరుగెత్తి మెయిన్ తీసిందీ హెప్సిబాయే. పిల్ల బతికింది, అరచెయ్యి మాత్రం కాలింది. ఆ కుటుంబం ఏమీ అనకుండా ఇల్లు ఖాళీ చేసి వెళ్లింది. ఆ తర్వాత వైర్లు మార్పించారు. పిల్లలున్నవాళ్లకు ఇల్లివ్వడం మానేశారు. హెప్సిబా భయం మాత్రం మారలేదు.

"ఆకాశం నల్లవడితే అన్నం తినది బిడ్డ. బళ్లె ఉన్నా నాకు ఫోన్ జేస్తది, అవ్వా, మెయిన్ తీసినవా అని," అంది సంతోషమ్మ.

మర్నాడు సాయంత్రం మబ్బు పట్టగానే బెంజమిన్ తానే కిందికి దిగి మెయిన్ తీశాడు. హెప్సిబాకు ఒకే ఒక్క మాట మెసేజ్ పెట్టాడు. "బంద్." బడి దగ్గర బస్టాపులో తడుస్తూ నిలబడిన హెప్సిబా ఆ మాటను చాలాసేపు చూసింది.

అలా మొదలైంది. వాన పడితే కరెంటు లేదు, కరెంటు లేకపోతే మేడ మీద గదిలో ఉక్క. అందుకని అతను వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. పిల్లల పేపర్లు దిద్దుకోవడానికి వెలుతురు చాలక ఆమె వరండాలోకి వచ్చేది. అతను పత్తి చేలలో రైతులు తనను ఎలా ఆటపట్టిస్తారో చెప్పేవాడు. ఆమె పిల్లలు పరీక్షల్లో రాసిన వింత జవాబులు చదివి వినిపించేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేటప్పుడు అతని గొంతు ఎక్కడ తప్పుతుందో అనుకరించి చూపించేది. వాన వెలిశాక కూడా మెయిన్ వేయడం ఇద్దరికీ గుర్తుండేది కాదు. లోపల్నుంచి సీమోను, టీవీ వచ్చేదెప్పుడని కేకేసేవాడు.

ఆగస్టులో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం, బెంజమిన్ డ్యూటీలో ఉండగా, హెప్సిబా తన దగ్గరున్న తాళంచెవితో పోర్షన్ తెరిచి, చీపురు కర్రతో అతని పడకగది స్లాబును తట్టి చూసింది. టక్ టక్ అని రావలసిన చోట డొల్లగా మోగింది. సరిగ్గా అతని మంచం పైన. మేస్త్రి గంగయ్యను పిలిపించింది. ఆయన నిచ్చెన వేసి చూసి, లోపల చువ్వలు తుప్పుపట్టి ఉబ్బాయనీ, పైన నీళ్లు నిలిచి దిగుతున్నాయనీ, వానలు తగ్గి స్లాబు ఎండేదాకా పని పట్టుకోలేననీ చెప్పాడు. పెచ్చులు ఎప్పుడు ఊడతాయని అడిగింది. అది దేవునికే తెలియాలన్నాడు గంగయ్య.

ఆ తర్వాత ఆమెకు నిద్ర కరువైంది. పైన చిన్న చప్పుడైనా లేచి కూర్చునేది. అతను దగ్గితే, దేవుడా బతికే ఉన్నాడు అనుకునేది. ఇంకో కిరాయిదారైతే ఉన్న మాట చెప్పి పంపించేది. ఇతనికి చెప్తే ఏమంటాడో ఆమెకు తెలుసు. గంత దానికి ఫికర్ ఎందుకు, మంచం అటు జరుపుకుంట అంటాడు. అప్పుడు తాను సరేనంటుంది. ఆ సరేననే తన మనసంటేనే ఆమెకు భయం వేసింది.

అందుకే మెట్ల మీద ఎదురుపడ్డప్పుడు ముఖం చూడకుండా చెప్పింది. "సార్, మీరు ఇల్లు ఖాళీ చెయ్యాలె. జల్దిన."

"ఎందుకు?"

"రిపేరుంది."

"వానల్ల రిపేరా? ఎవరన్న ఏమన్న అన్నరా మన గురించి?"

"ఎవరు ఏమనలే. జర తొందరగ చూస్కోండ్రి."

బెంజమిన్ ఇంకేం అడగలేదు. నాలుగు మాటలు కలిపితే తాను ఎక్కువ ఊహించుకున్నానని అనుకున్నాడు. బోథ్‌లో ఒక గది మాట్లాడుకున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక సామాను తీసుకుపోతానని సీమోనుకు చెప్పాడు. ఆ తర్వాత వాన పడ్డప్పుడు మెయిన్ తీశాడు గానీ, మెసేజ్ పెట్టలేదు. మెట్ల మీదికీ రాలేదు.

శుక్రవారం బళ్లకు సెలవిచ్చారు. వాన ఆకాశానికి చిల్లుపడ్డట్టు కురుస్తోంది. హెప్సిబా వంటింట్లో బియ్యం కడుగుతుండగా పైన ఏదో కూలినట్టు పెద్ద చప్పుడైంది. కిటికీ అద్దాలు అదిరాయి. చేతిలో గిన్నె అక్కడే పడేసి పరుగెత్తింది.

మెట్ల కింద అతని బండి ఉంది. అంటే ఇంట్లోనే ఉన్నాడు. తలుపు మూసి ఉంది, బయట తాళం లేదు. తోసింది. రాలేదు.

"సార్."

లోపల్నుంచి చప్పుడు లేదు. తలుపు సందులోంచి సిమెంటు దుమ్ము వాసన వస్తోంది.

"బెంజమిన్ సార్. బెంజమిన్."

భుజంతో గుద్దింది. పిడికిళ్లతో బాదింది. వానకు ఉబ్బిన తలుపు ఇంచు కూడా కదల్లేదు.  తలుపుకు నుదురు ఆనించి మాట్లాడింది, లోపలున్న మనిషికి వినిపించాలని.

"ఒక్కసారి పలుకు. నీ మీద కోపంతోని పొమ్మనలే. గీ స్లాబు కింద నువ్వు పండుకుంటే నాకు నిద్ర వడ్తలేదు. నీకేమన్నయితే నేనెట్ల బతకాలె? గందుకే పొమ్మన్న. పలుకు బెంజమిన్."

"గా మాట నాకు ఆనాడే చెప్పొద్దా?"

ఆమె గిరుక్కున తిరిగింది. అతను మెట్ల మీద నిలబడి ఉన్నాడు. రెయిన్‌కోటు, మోకాళ్ల దాకా బురద. పంటనష్టం చూడడానికి పొద్దున్నే ఆఫీసు జీపులో వెళ్లాడు. వాగు పొంగి జీపు వెనక్కి తిరిగింది. తలుపు ఉబ్బి గడియ కలవక, కొన్నాళ్లుగా తాళం వేయడం మానేసి గట్టిగా లాగి పోతున్నాడు.

హెప్సిబా అక్కడే కూలబడి ఏడ్చింది. అతను పక్కన కూర్చున్నాడు. ఎలా ఓదార్చాలో తెలియక రెయిన్‌కోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. అది ఆమెకంటే తడిగా ఉంది. ఏడుస్తూనే ఆమె దాన్ని తీసి పక్కన పెట్టింది.

తర్వాత ఇద్దరూ కలిసి తలుపు తోశారు. మంచం మీద, తలగడ మీద, అరచెయ్యి మందం పెచ్చులు. పైన తుప్పుపట్టిన చువ్వలు బయటపడి ఉన్నాయి. బెంజమిన్ తలగడను చూస్తూ ఉండిపోయాడు. ఒక పెచ్చును రెండు చేతులతో ఎత్తి కింద పెట్టాడు. అప్పుడన్నాడు.

"హెప్సిబా, ఇల్లు ఇయ్యాల్నే ఖాళీ జేస్త. నిన్ను మాత్రం ఇడిచిపెట్టి పోను."

ఆమె ముఖం తుడుచుకుంది. "ముందుగాల ఇల్లు ఖాళీ జెయ్యి. కడమది మా బాపుతోని మాట్లాడు."

బాపుతో మాట్లాడడం అనుకున్నంత సులువు కాలేదు. సీమోను కోప్పడలేదు, కానీ దిగులుపడ్డాడు. కిరాయికి వచ్చినవాణ్ణి అల్లుణ్ణి చేసుకున్నారని సంఘంలో నవ్వుతారన్నాడు. పిల్ల వెళ్లిపోతే ఈ ఇంటిని ఎవరు చూసుకుంటారన్నాడు. హెప్సిబాకూ అదే బెంగ. వాన పడితే ఈ మోకాళ్లతో బాపు మెయిన్ దగ్గరికి ఎలా వెళ్తాడు? రాత్రీ పగలూ అదే ఆలోచిస్తూ ఆమె ఇంకా చిక్కిపోయింది.

వానలు తగ్గాక మెట్‌పల్లి నుంచి బెంజమిన్ తల్లిదండ్రులు వచ్చారు. చాయ్ తాగి, పాస్టరయ్య ప్రార్థన చేశాక, సీమోను ఉన్న మాట దాచకుండా చెప్పాడు.

"అక్కా, నా బిడ్డకు ఫికర్ ఎక్కువ. మబ్బు వట్టిందంటే మనిషి మనిషిలెక్క ఉండది. పెండ్లయినంక చెప్పలేదని అనొద్దు."

 తలుపు చాటునుంచి హెప్సిబా వింటోంది. బెంజమిన్ తల్లి కప్పు కింద పెట్టి కొడుకు వైపు చూసింది.

"మావోనికి అసలుకే ఫికర్ లేదు తమ్మీ. నెత్తి మీద స్లాబు డొల్లగున్నా పండి నిద్రవోయిండు. ఇద్దరు సగం సగం పంచుకుంటరు తియ్."

సంతోషమ్మ ముందు నవ్వింది. తర్వాత సీమోను. పెళ్లి క్రిస్మస్ దాటాక అని ఖాయం చేశారు.

గంగయ్య పని మొదలుపెట్టాడు. డొల్లగా ఉన్నదంతా చెక్కి, చువ్వల తుప్పు గీకించి, కొత్తగా ప్లాస్టరింగ్ చేశాడు. పైన నీళ్లు నిలవకుండా వాలు కట్టి వాటర్‌ప్రూఫింగ్ వేశాడు. వైర్లన్నీ గోడలోంచి తీయించి పైపుల్లో బయటనుంచి వేయించారు. కరెంటు ఎక్కడ కారినా తనంతట తానే పడిపోయే స్విచ్ ఒకటి పెట్టించారు; ఇక వాన పడ్డా ఎవరూ పరుగెత్తి మెయిన్ తీయనక్కరలేదు. హెప్సిబా అది పడుతుందో లేదో రోజూ నొక్కి చూసేది.

నవంబరులో ఒక పగలు అనుకోకుండా మబ్బు పట్టింది. బోథ్‌లో ఆఫీసులో ఉన్న బెంజమిన్ ఆమెకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఆమె బడికి సెలవు, ఇంట్లోనే ఉండాలి. సీమోను ఫోన్ స్విచాఫ్. స్లాబు గుర్తొచ్చింది, కిటికీ ఊచ గుర్తొచ్చింది.  చేతిలో పని వదిలేసి బండి తీశాడు. దారి పొడుగునా వాన ముఖాన కొడుతుంటే, ఇన్నేళ్లూ హెప్సిబా ఈ బాధ ఎట్లా పడిందో మొదటిసారి అర్థమైంది.

ఇచ్చోడ చేరేసరికి నిలువునా తడిశాడు. వరండాలో సంతోషమ్మ తీరుబడిగా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది.

"అత్తమ్మా, హెప్సిబా ఏది? ఫోన్ ఎత్తుతలేదు. ఏమైంది?"

"మెల్లగ మాట్లాడు బిడ్డా," అంది ఆమె, లోపలికి చూపిస్తూ.

తెరిచిన కిటికీలోంచి కనిపించింది. బయట వాన హోరున పడుతోంది. లోపల ఫ్యాను తిరుగుతోంది. హెప్సిబా చాప మీద, చెంప కింద చెయ్యి పెట్టుకుని, ఆదమరచి నిద్రపోతోంది.

బెంజమిన్ ఆమెను లేపలేదు. చొక్కా పిండుకుని, సంతోషమ్మ పక్కన కూర్చుని ఒక చిక్కుడుకాయ అందుకున్నాడు.