దియొనీసిస్ తర్వాతి పేరు

"పేరు చెబితే పెట్టె మీద రాస్తాను," అన్నాను.

"దమరిస్."

కలం ఆపి తలెత్తి చూశాను. ఏథెన్సులోని పెట్రాలోనా పేటలో మా మామయ్య మిఠాయి దుకాణంలో ఆరేళ్లుగా పేర్లు రాస్తున్నాను. ఈ పేరు ఒక్కసారీ రాయలేదు.

"అంటే అర్థమేంటండీ?"

"పెయ్యదూడ అంటారు కొందరు. పాతకాలపు మాటల్లో పెళ్లాం అంటారు ఇంకొందరు. ఖాయంగా ఎవరికీ తెలీదు. మీకేది నచ్చితే అది రాసుకోండి."

వరుసలో వెనకున్నవాళ్లు కిసుక్కుమన్నారు. నా చెవులు వేడెక్కాయి. ఆమె నవ్వలేదు గానీ, వెళ్తూ వెళ్తూ ఓసారి వెనక్కి చూసింది. అంతే, నా పని అయిపోయింది.

వేసవి గడిచేసరికి మా ఇద్దరి మధ్య 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అసలు మాట మాత్రం నా నోట్లోనే ఉండిపోయింది. ఇంతలో ఆమెకు ఎక్కడో ఉత్తరాన కొజాని ఊళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది, సోమవారమే ప్రయాణం. ఈలోగా చెప్పకపోతే ఇక చెప్పడమంటూ ఉండదు.

దుకాణం గోడకున్న పునీతుల క్యాలెండరు చూశాను. అక్టోబరు రెండు, దమరిస్. ఏ పునీతుల రోజైతే ఆ పేరున్నవాళ్లకు అది పేరు పండుగ, ఆ రోజు వాళ్లింటికి పిలవకుండానే వెళ్లొచ్చు. ఇల్లంతా జనం ఉంటారు. ఆ సందట్లో ఓ మూల ఆమెతో చెప్పేయాలని నా ప్లాను.

రెండో తారీఖున ఇస్త్రీ చొక్కా వేసుకుని, పూలు, మిఠాయి పెట్టె పట్టుకుని వెళ్లి బెల్లు కొట్టాను. వాళ్ల నాన్న బనీనుతో తలుపు తీశాడు. ఇంట్లో జనమే లేరు. ఆయన నన్ను, పూలను, పెట్టెను వరసగా చూసి లోపలికెళ్లి కోటు తొడుక్కుని వచ్చాడు. వాళ్లమ్మ చేపలు తోముతున్న చేతులు కడుక్కుని, చెర్రీ పాకం, మంచినీళ్లు తెచ్చిపెట్టింది.

"మీ వాళ్లకు తెలుసా బాబూ?" అన్నాడు వాళ్ల నాన్న.

"తెలుసండీ. మామయ్యే దగ్గరుండి పెట్టె కట్టించాడు."

"మా అమ్మాయికి?"

"తెలీదండీ. చెప్పకుండా వద్దామనే."

"ఎంత పద్ధతో చూడండి," అంటూ వాళ్లమ్మ కళ్లు ఒత్తుకుంది. పేరు పండుగకు ఏడుపెందుకో నాకు అర్థం కాలేదు.

"ఉండేదెక్కడ?" అని ఆయన అడిగాడు.

"దుకాణం మీద గదిలోనండీ."

"ఇద్దరికి సరిపోతుందా?"

"రెండోవాళ్లు ఎవరండీ?"

ఆయన జవాబు చెప్పేలోగా దమరిస్ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి, "యోర్దానిస్, నువ్వేంటి ఇక్కడ?" అంది.

"నిన్ను పెళ్లికి అడగడానికొచ్చాడు," అన్నాడు వాళ్ల నాన్న.

"నేను పేరు పండుగకొచ్చానండీ," అన్నాను, గొంతులో పాకం అడ్డం పడుతుండగా.

"పండుగ రేపు కదయ్యా. నా పేరు దియొనీసిస్, మూడో తారీఖు నాది. అమ్మాయిది కూడా చిన్నప్పట్నుంచీ దాంతోనే కలిపి చేసేస్తాం. మామూలు రోజున కుర్రాడు పూలూ మిఠాయిలూ పట్టుకొస్తే మేమేమనుకోవాలి? అయితే నువ్వు అడగడానికి రాలేదా?"

అవునంటే, తనకు చెప్పకుండా అడిగానని ఆమెకు కోపం. కాదంటే ఆమె కొజానికి వెళ్లిపోతుంది.

"అడగడానికి రాలేదండీ," అని ఆమె వైపు తిరిగాను. "నీతో చెప్పడానికొచ్చాను. నువ్వంటే నాకు ప్రేమ. ఎప్పట్నుంచో."

దమరిస్ సంచి కింద పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"బైబిల్లో నా పేరు ఒక్కసారే వస్తుంది, తెలుసా? ఏథెన్సులో పౌలు మాట విని నమ్మినవాళ్లలో ముందు దియొనీసిస్, ఆ తర్వాత దమరిస్ అనే ఒక స్త్రీ. ఆమె ఎవరో, ఏం చేసేదో ఎవరూ రాయలేదు. ఈ ఇంట్లోనూ నాన్న తర్వాతే నేను. ఇరవై ఆరేళ్లలో నా రోజున నా కోసం వచ్చింది నువ్వొక్కడివే."

వాళ్ల నాన్న తల దించుకున్నాడు.

"కొజానికి బస్సులో ఆరు గంటలు పడుతుంది. ఆదివారాలు రాగలవా?" అని అడిగింది.

"వస్తాను."

ఆమె పెట్టె విప్పింది. వాళ్ల నాన్న అలవాటుగా చెయ్యి చాచాడు.

"నీది రేపు నాన్నా," అని పెట్టె నా ముందు పెట్టింది.