కోర్టు కాగితంలో కూతురి పేరు

అక్టోబరు శనివారం. ఏటా జింకల వేటకు అనుమతి మొదలయ్యే రోజు. ఆ తెల్లవారుజామున ఒకనాగన్ అనే ఆ పండ్లతోటల లోయలో ఏ వంటింట్లో చూసినా దీపం వెలుగుతూనే ఉంటుంది. లోర్నా పెనం మీద పాన్‌కేకులు తిప్పుతోంది. ముందురోజు స్పోకేన్ నగరం నుంచి వచ్చిన కూతురు కొరీన్‌కి మాత్రం కాలు నిలవడం లేదు. దుప్పట్లో చుట్టిన పొడుగాటి పెట్టెను తెచ్చి తండ్రి ముందు పెట్టింది.

"డెబ్బై ఏళ్లొచ్చాయిగా నాన్నా, ఇది నీకే! విప్పు."

వెర్లిన్ విప్పాడు. కొత్త రైఫిల్. కాలిన పెనం తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"దీన్ని తీసుకెళ్లి నీ కారులో పెట్టు తల్లీ."

"నచ్చలేదా?"

"బాగుంది. నేను ముట్టుకోకూడదంతే."

"ఎవరైనా కొడతారా ఏంటి?" అని నవ్వింది కొరీన్. ఎవరూ నవ్వలేదు. లోర్నా పొయ్యి ఆపేసింది.

కొరీన్ గబగబా వెళ్లి వసారాలోని తుపాకుల ఇనప బీరువా తెరిచింది. లోపల నారింజరంగు వేట కోట్లు తప్ప ఏమీ లేవు. పదమూడేళ్లప్పుడు తను మొదటి జింకను కొట్టిన తాతగారి తుపాకీ కూడా లేదు.

"తాతయ్య తుపాకీ కూడా అమ్మేశావా?"

"మీ మామయ్యకిచ్చాను. ఇకమీదట నాకెవరూ తుపాకీ అమ్మకుండా కోర్టులో కాగితం రాసిచ్చాను."

"కోర్టా? ఏం తప్పు చేశావు నాన్నా?"

"తప్పు చేసినవాళ్ల దగ్గర లాక్కుంటారు. నేను నా అంతట నేనే వదులుకున్నాను. మన రాష్ట్రంలో అలాంటి చట్టం ఉంది."

"ఊళ్లో తెలిస్తే నవ్విపోతారు! నా చేతికి తుపాకీ ఇచ్చి గురి చూడ్డం నేర్పింది నువ్వు కాదూ? అమ్మా, నీకూ తెలుసన్నమాట. ఈ ఇంట్లో పరాయిదాన్ని నేనొక్కదాన్నే!"

"నోరు మూసుకుని ముందు విను," అంది లోర్నా.

వెర్లిన్ కాఫీ కప్పు వంక చూస్తూ చెప్పాడు. "ఫిబ్రవరిలో గిట్టుబాటు కాక మన పియర్ పండ్ల చెట్లన్నీ పీకించాం కదా. నలభై ఏళ్లు పెంచిన చెట్లు. ఆ తర్వాత నాకు తెల్లారడమే బరువైపోయింది. ఒకరోజు తుపాకీ పట్టుకుని షెడ్డులో కూర్చున్నాను. కాఫీ చల్లారిపోతోందని మీ అమ్మ కేకేసింది. లేచి వచ్చేశాను. మర్నాడు నేనే అడిగాను, కోర్టుకి తీసుకెళ్లమని."

లోర్నా సొరుగులోంచి ఆ కోర్టు కాగితం తీసి కొరీన్ చేతిలో పెట్టింది.

"వారం దాటాక ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చట. అలా చేసుకుంటే కోర్టువాళ్లు ఒకరికి కబురు చేస్తారు. ఎవరికన్నది రాసేవాళ్లిష్టం."

ఆ పేరు రాయాల్సిన ఖాళీలో పండ్ల పెట్టెల మీద రాసేటంత పెద్ద అక్షరాలు. కొరీన్ హాస్కెట్, కూతురు. కింద తన ఫోన్ నంబరు.

"అమ్మ పేరు రాయొచ్చుగా?"

"మీ అమ్మకి ఏదో ఒకటి చెప్పి నమ్మించేస్తాను. నీ దగ్గర నా పప్పులుడకవు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

వెర్లిన్ తల దించుకున్నాడు. "తుపాకీ పట్టని నాన్నతో నీకేం పని అనుకుంటావేమోనని భయమేసింది. మనిద్దరికీ ఉన్నదల్లా ఈ వేటేగా."

కొరీన్ కుర్చీ పక్కన కూలబడి, తండ్రి మోకాళ్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇన్ని నెలలుగా ఫోన్లో "బాగానే ఉన్నాను" అన్న మాటను తను ఎంత తేలిగ్గా నమ్మేసింది! లోర్నా ఆమె జుట్టు నిమురుతూ నిలబడింది.

ఎప్పటిలాగే ఇద్దరూ బయల్దేరి, దారిలో కొత్త రైఫిల్‌ను మామయ్య ఇంట్లో దింపేశారు. బైనాక్యులర్లు, కాఫీ ఫ్లాస్కు, పొట్లం కట్టిన పాన్‌కేకులు పట్టుకుని తండ్రీకూతుళ్లు ఎప్పుడూ కూర్చునే గుట్ట ఎక్కారు. ఎండ పడేవేళకి కింద పొదల్లోంచి కొమ్ముల జింక ఒకటి బయటికి వచ్చింది. కొరీన్‌కి మళ్లీ దుఃఖం పొంగింది. పళ్లు బిగించి ఆపుకుంటోంది.

వెర్లిన్ ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. పదమూడేళ్ల పిల్లకు గురి నేర్పిన రోజున చెప్పినట్టే మెల్లగా చెప్పాడు.

"ఊపిరి బిగబట్టకు తల్లీ. వదులు."

వదిలింది. జింక తలెత్తి చూసి, మళ్లీ మేతలో పడింది.

"నాన్నా, కోర్టువాళ్లు ఫోన్ చేసేదాకా ఆగకు. నువ్వే చెయ్యి."

"చేస్తాను," అన్నాడు వెర్లిన్. "పొద్దున్నే చేస్తే విసుక్కోవుగా?"