కల్నల్ గారి చేతుల మీదుగా

సోయా పాలు రెండో గుక్క గొంతు దిగకముందే చియెన్ చనిపోవడం మొదలుపెట్టాడు.

కావోష్యుంగ్ రేవు వెనక సందులో అదొక టిఫిన్ దుకాణం. టైము ఉదయం ఏడూ పది. పెనం మీద గుడ్డు అట్లు చుయ్యిమంటున్నాయి. పక్క బల్ల దగ్గర లాటరీ టికెట్లు అమ్ముకునే ముసలాడి వేషంలో కల్నల్ యెన్ పో-షున్ కూర్చున్నాడు. వేషం ఎంత బాగా కుదిరిందంటే అప్పటికే ఇద్దరు అతని దగ్గర టికెట్లు కొన్నారు.

కోడ్ సరిగ్గానే నడిచింది.

“తాతా, మామిడిపళ్ళు దిగాయా?”

“వాన తగ్గాక దిగుతాయి.”

చియెన్ నవ్వాడు. కప్పు ఎత్తాడు. ఐదేళ్ళు అవతలి ఒడ్డు ముఠాకి సరుకు చేరవేసి, వారం క్రితమే ఇటు తిరిగిన మనిషి అతను. తైవాన్ జనం చైనా పేరు ఎక్కువగా పలకరు, అవతలి ఒడ్డు అంటారు. ఆ ఒడ్డు వాళ్ళు ఇటు తిరిగినవాణ్ణి ఎక్కువ రోజులు బతకనివ్వరు.

కప్పు జారింది. యెన్ ఒక్క ఉదుటున లేచి అతన్ని పట్టుకున్నాడు. వీధిలో ఒక స్కూటర్ స్టార్టయి మలుపు తిరిగిపోయింది.

“మాగోంగ్... కొండ మీద రాడార్ గది,” అన్నాడు చియెన్, నురగ మధ్య. “ఇవాళ పదీ నలభై... వస్తువు ఎప్పుడో లోపలికి వెళ్ళిపోయింది...”

అంతే.

గంట తర్వాత యెన్ హెలికాప్టర్‌లో ఉన్నాడు. కింద సముద్రం, ముందు మాగోంగ్ ఉన్న పెంఘూ దీవులు. హెడ్‌ఫోన్‌లో గూఢచారి శాఖ ఏడో విభాగం డైరెక్టర్ లియావ్ షు-ఫెన్ గొంతు. ఎంత కొంప మునిగినా ఆవిడ గొంతు తొందరపడదు.

“అది ఎలాంటి వస్తువో మా ఇంజనీర్లు ఊహించారు యెన్ గారూ. రాడార్‌కి లేని విమానాలు చూపించే పెట్టె. అవతలి ఒడ్డు నౌకల విన్యాసాలు ఇవాళ పదకొండింటికి. దానికి ఇరవై నిమిషాల ముందు మన తెర మీద నలభై యుద్ధ విమానాలు సముద్రం మధ్య సరిహద్దు గీత దాటి వచ్చేస్తే?”

“మిసైల్ దళం కాలుస్తుంది.”

“కాలుస్తుంది. మొదటి దెబ్బ మనది అవుతుంది. వాళ్ళు ఇన్నేళ్ళుగా వెతుకుతున్న సాకు మనమే పళ్ళెంలో పెట్టి ఇస్తాం. యుద్ధమే.”

“దళానికి ముందే చెప్పేస్తే?”

“ఏమని? ఇవాళ రాడార్‌ని నమ్మకండి అనా? నిజంగానే వస్తే?”

యెన్ గడియారం చూసుకున్నాడు.

“మీరు వెతకండి. మీరు వెతికిన గదిలో సూది కూడా దాగదని పేరుంది కదా. ఇంకో సంగతి. గాయని లాన్ యిన్‌ని పొద్దున తైపే ఎయిర్‌పోర్టులో పట్టుకున్నాం. ముఠా ఫోను, దొంగ పాస్‌పోర్టు. తను మన మనిషినంటోంది. సరిగ్గా చెప్పాలంటే మీ మనిషినంటోంది.”

రెక్కల మోత ఒక్కసారి పెద్దదైనట్టు అనిపించింది యెన్‌కి.

“టీవీలో చూశాను,” అన్నాడు.

“అంతేనా?”

“అంతే.”

“సరే. అయితే లోపలేసి తాళం పెట్టిస్తాను.”

అబద్ధం ఆడి అరనిమిషం కాకుండానే అతని చెవులు కాలిపోయాయి. ఆరేళ్ళ క్రితం లాన్ యిన్‌ని డబుల్ ఏజెంట్‌గా మార్చింది అతనే. ముఠా ఆమెని తమ మనిషి అనుకునేది. మూడు నెలల్లో అతనికీ ఆమెకీ మధ్య డ్యూటీలో లేని సంగతులు కూడా మొదలయ్యాయి. పెళ్ళయినవాడు, ప్రమోషన్ లిస్టులో ఉన్నవాడు. ఎవరికైనా తెలిస్తే? రికార్డుల్లో ఆమె ఫైలు మూసేశాడు. కబుర్లు మాత్రం తెప్పించుకుంటూనే ఉన్నాడు. వాటిని సొంతంగా తవ్వి తీసినట్టు పైకి పంపాడు. ఆ పుణ్యాన రెండు పతకాలొచ్చాయి.

నెల క్రితం ఆమె నుంచి అర్జెంటు సంకేతం వచ్చింది. మళ్ళీ తమ ఇద్దరి గురించిన పాత గోలే అనుకుని వెళ్ళలేదు.

హెలికాప్టర్ దిగేదాకా అతను రాడార్ గది గురించి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఫైలు గురించే ఆలోచించాడు.

కొండ మీద గాలి మనిషిని తోసేస్తోంది. లోపల ఎవరైనా ముఠా మనిషి ఉంటే పసిగట్టకుండా యెన్ ఏసీ మెకానిక్ యూనిఫాం వేసుకున్నాడు. గుమ్మంలో సార్జెంట్ మేజర్ కో ఎదురయ్యాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసు, ఎండకి నల్లబడ్డ మొహం.

“ఏసీ బాగుచెయ్యడానికి వచ్చాను.”

“రండి సార్. మెకానిక్కులు బూట్లు అద్దంలా పాలిష్ చేసుకుని రావడం ఇదే చూడ్డం.”

“నోరు మూసుకో కో.”

“మూసుకున్నాను సార్.”

తొమ్మిదీ నలభైకి వెతుకులాట మొదలైంది. యెన్ దగ్గర లైటర్‌లా కనిపించే డిటెక్టర్ ఉంది, పాము తోకలా వంగే కెమెరా ఉంది. నేల పలకలు లేపించాడు. ఏసీ గొట్టాల్లో కెమెరా దూర్చాడు. కుర్చీల మెత్తలు కోయించాడు. సిబ్బంది ఐదుగురి జేబులు తిరగేయించాడు. దొరికినవి ఒక విరిగిన దువ్వెన, ఎప్పుడో పోయిన ఇంటి తాళం, మూడు సిగరెట్ పీకలు.

“గదిలో సిగరెట్లు తాగేదెవరు?” అన్నాడు.

“ఎలకలు సార్,” అంది లెఫ్టినెంట్ తుంగ్, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. ఆ షిఫ్టు రాడార్ ఆఫీసర్ ఆ అమ్మాయే.

ప్రధాన యంత్రం నెత్తి మీద ఆకుపచ్చ చిరుతిండి పొట్లం ఒకటి నిలబెట్టి ఉంది, మొక్కజొన్న ఉండలది. అది ఉండాలి కూడా. ఈ దేశంలో బ్యాంకు కంప్యూటర్ మీదా, ఆసుపత్రి స్కానర్ మీదా, రైలు సిగ్నల్ గదిలోనూ అది ఉంటుంది. అది ఉన్నంతసేపూ యంత్రం బుద్ధిగా పని చేస్తుందని నమ్మకం. పచ్చ దీపం వెలిగినట్టు పచ్చ పొట్లమే పెట్టాలి. విప్పకూడదు, కదపకూడదు, మీద అచ్చేసిన గడువు తీరకముందే మార్చాలి. ఇంజనీరింగ్ డాక్టరేట్లున్నవాళ్ళు కూడా దీన్ని చూసి నవ్వరు. యెన్ డిటెక్టర్ దాని కింద నుంచి పోయింది. పైకి పోలేదు.

పదీ ముప్ఫై ఒకటి. ఏమీ దొరకలేదు.

యెన్ మూలకి వెళ్ళి ఫోను తీశాడు.

“మేడమ్. లాన్ యిన్‌తో మాట్లాడాలి.”

“టీవీలో చూశానన్నారు?” అంది లియావ్.

“అబద్ధం. ఆమె నా మనిషే.”

అవతల కుర్చీ వెనక్కి జరిగింది. తర్వాత తలుపు తెరిచిన చప్పుడు. తర్వాత అతనికి బాగా తెలిసిన గొంతు, పాటల్లో కంటే కొంచెం బొంగురుగా.

“చెప్పండి కల్నల్ గారూ. నేనెవరో గుర్తొచ్చానా?”

“యిన్, టైము లేదు. వస్తువు ఎక్కడుంది?”

“పారిపోతూ దొరికానంటున్నారు వీళ్ళు. పారిపోయేదాన్నయితే పోలీసు కౌంటర్ ఎదురుగా గంటసేపు కూర్చుంటానా? యెన్‌ని పిలవండి అన్నాను. మీరు తెలియదన్నారట. ఆ తర్వాత నా మాట ఎవరు వింటారు? రెండు గంటలు గోడకి చెప్పుకున్నాను.”

“యిన్, దయచేసి చెప్పు...”

“మీ చేతికే ఇచ్చాను కదయ్యా!” ఆమె అరిచింది. “పండక్కి జవాన్ల కోసం పాడ్డానికి వచ్చినప్పుడు, స్టేజి మీద, అందరి ముందూ. మిగతా బహుమతులన్నీ స్కానర్‌లో పెట్టించారు, ఇదొక్కటీ పెట్టించలేదు. తేదీ చూసుకోండి కల్నల్ గారూ అని మైకులో కూడా అన్నాను. ముఠా వాళ్ళు నా బృందం వాళ్ళమని చెప్పి రెండో వరసలో కూర్చుని చూస్తున్నారు, అంతకంటే ఎలా చెప్పను? మీరు నవ్వి చెయ్యూపారు.”

యెన్ తల తిప్పాడు. పొట్లం అక్కడే ఉంది. మూడు వారాల క్రితం, ఈ స్థావరం భద్రతా తనిఖీకి వచ్చినప్పుడు, ఇక్కడి క్యాంటీన్ స్టేజి మీద ఆమె చేతిలోంచి దాన్ని తీసుకున్నాడు. ఆమె వేళ్ళు తగిలాయి. కెమెరాలు మెరిశాయి. జవాన్లు ఈలలు వేశారు. ఆమె పక్కన ఎక్కువసేపు నిలబడితే ఎవరైనా కనిపెడతారేమోనన్న కంగారులో గబగబా దిగి, తనే మోసుకొచ్చి, తనే ఆ యంత్రం మీద పెట్టాడు.

ఫోను వదిలేసి పరిగెత్తాడు. పొట్లం లాగి తిప్పి చూశాడు. గడువు తీరి ఏడాది దాటింది.

అలాంటిది ఈ దేశంలో ఏ యంత్రం మీదా ఒక్క పూట ఉండదు. చూసినవాడు చూసినట్టే తీసిపారేస్తాడు. ఆమె లెక్క అదే.

“ఎవ్వరూ తేదీ చూడలేదా?” అని అరిచాడు.

కో అటెన్షన్‌లో నిలబడ్డాడు. “నేను చూశాను సార్. మూడో రోజే.”

“మరెందుకు తియ్యలేదు?”

“మీరు స్వయంగా పెట్టారు.” కో నేలకేసి చూశాడు. “తీసేస్తే కల్నల్ గారికి ఆమాత్రం తెలియదా అని కుర్రాళ్ళు నవ్వుతారు. మీ పరువు పోతుందని... కొత్త పొట్లం తెచ్చి దీని వెనక పెట్టాను సార్.”

నిజమే. వెనక ఇంకో పొట్లం ఉంది, చిన్నది, కనీకనపడకుండా.

యెన్ పొట్లం చింపాడు. ఉండలు నేలంతా దొర్లాయి. వాటి మధ్య అగ్గిపెట్టెంత నల్లటి పెట్టె. దాని మీద ఎర్రటి చుక్క వెలిగింది. పదీ ముప్ఫై ఎనిమిది. ముఠా గడియారం రెండు నిమిషాలు ముందుంది.

“సార్!” తుంగ్ కుర్చీలోంచి సగం లేచింది. “పడమర! పన్నెండు... ఇరవై... నలభై! గీత దాటేశాయి!”

యెన్ పెట్టెని బూటు కింద వేసి నలిపాడు. అది ముక్కలైంది. తెర మీద చుక్కలు మాత్రం ముందుకే వస్తున్నాయి.

“ఎందుకు పోవడం లేదు?”

“ఒకసారి పట్టుకున్నదాన్ని కంప్యూటర్ వెంటనే వదలదు సార్. తొంభై సెకన్లు అంచనాతో చూపిస్తూనే ఉంటుంది!”

స్పీకర్ గరగరలాడింది. పక్క కొండ మీది మిసైల్ దళం కమాండర్ మేజర్ పెంగ్. “రాడార్, నలభై లక్ష్యాలు కనిపిస్తున్నాయి. నలభై సెకన్లలో వదులుతున్నాను. ఖాయం చెయ్యండి.”

యెన్ మైకు లాక్కున్నాడు. “పెంగ్, నేను కల్నల్ యెన్. కాల్చొద్దు. అవి దొంగ చుక్కలు. ఇక్కడ పెట్టె దొరికింది.”

“నా తెర మీద ఇంకా వస్తున్నాయి సార్. నిజమైనవో దొంగవో నాకెలా తెలుస్తుంది? అసలు మాట్లాడేది మీరో కాదో ఎలా తెలుస్తుంది? ఆ గదిలోకి చీమ కూడా దూరదని మీరే సంతకం పెట్టి ఇచ్చారు. ఎవడు తెచ్చాడు పెట్టె? ఇరవై ఐదు సెకన్లు.”

ఆ లైన్ పదకొండు స్థావరాల్లో వినిపిస్తుంది. ప్రతి మాటా రికార్డవుతుంది. ఎవడో దొంగచాటుగా తెచ్చాడని చెప్పొచ్చు. పెంగ్ నమ్మడు. వెనక సిబ్బంది ఊపిరి వినిపిస్తోంది.

“నేనే తెచ్చాను,” అన్నాడు.

“ఏమిటి?”

“నా చేతులతో తెచ్చి, నా చేతులతో పెట్టాను. లాన్ యిన్ అనే మన ఏజెంట్ నన్ను హెచ్చరించింది, వినలేదు. ఆమెతో నాకు సంబంధం ఉంది. అది దాచుకోడానికి ఇవాళ పొద్దున ఆమె ఎవరో తెలియదన్నాను. ఆమె పంపిన కబుర్లకి పతకాలు నేను తీసుకున్నాను. పెంగ్, ఈ మాటలు ఎవడైనా అబద్ధంగా చెబుతాడా?”

స్పీకర్‌లో గాలి చప్పుడు. నాలుగు సెకన్లు మిగిలాయి.

“దళం,” అన్నాడు పెంగ్ మెల్లగా, “ఆగండి.”

చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. చివరికి తెర మీద ఒకటి మిగిలింది.

“అదేంటి?” అన్నాడు యెన్.

“కావోష్యుంగ్ ప్రయాణికుల విమానం సార్,” అంది తుంగ్. ఆమె తెర మీద వేలు పెట్టింది. “దిగడానికి వస్తోంది. అరవై ఒక్కమంది ఉన్నారు.”

ఎవరూ యెన్ మొహంలోకి చూడలేదు. కో మోకాళ్ళ మీద కూర్చుని నేల మీది ఉండలు ఏరుతున్నాడు. ఆ గదిలో పని ఏదీ లేక ఆ పని పెట్టుకున్నాడని అందరికీ తెలుసు.

ఆ సాయంత్రానికి తైపేలో ముఠా మనుషులు ఏడుగురు దొరికారు. లాన్ యిన్ ఇచ్చిన చిరునామాలే. పేపర్లో మాత్రం మాగోంగ్‌లో సాంకేతిక లోపం అని నాలుగు లైన్లు వచ్చాయి.

నాలుగో రోజు లియావ్ యెన్‌ని పిలిపించింది.

“పైవాళ్ళు మీకు మూడో పతకం ఇద్దామంటున్నారు. యుద్ధం ఆపారట. లైన్‌లో మీరన్నవి పెంగ్‌ని ఆపడానికి అల్లిన కథ అని రాసుకున్నారు.”

“ఆమెకివ్వండి.”

“ఏ ఆమె? మా రికార్డుల్లో అలాంటి మనిషి లేదు. ఫైలు మూసింది మీరు. రికార్డులో లేని మనిషి దగ్గర ముఠా ఫోను దొరికితే అది దేశద్రోహం. పన్నెండేళ్ళు.”

“ఫైలు తెరిపించండి మేడమ్.”

“తెరవాలంటే ఎందుకు మూశారో రాయాలి. రాస్తే మీ ఉద్యోగం, పతకాలు, బహుశా పెళ్ళి కూడా...”

“కాగితం ఇవ్వండి.”

ఎనిమిది పేజీలు రాశాడు. లియావ్ చదివి, ఒక్క అక్షరం కూడా మార్చమనలేదు. మంచినీళ్ళ గ్లాసు అతని వైపు జరిపింది.

నిర్బంధ కేంద్రం గేటు దగ్గర లాన్ యిన్ బయటికి వచ్చేసరికి మధ్యాహ్నం రెండైంది. నల్ల కళ్ళద్దాలు, నలిగిన పట్టు గౌను, చేతిలో బరువైన పెట్టె. యెన్ రోడ్డుకి అవతల నిలబడి ఉన్నాడు. యూనిఫాం లేదు. వారం కిందటి కంటే పొట్టిగా కనిపించాడు. రోడ్డు దాటి వచ్చి, రాత్రంతా తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ గుర్తురాక నిలబడిపోయాడు.

“కల్నల్ గారు ఏ హోదాలో వచ్చినట్టు?” అంది ఆమె.

“ఏ హోదా లేదు. తీసేశారు.”

“అయితే ఈ పెట్టె పట్టుకోండి. బస్టాండు దాకా.”

యెన్ పెట్టె అందుకుని ఆమె పక్కన అడుగు వేయబోయాడు. లాన్ యిన్ ఆగి, కళ్ళద్దాలు సర్దుకుంది.

“పక్కన కాదు, నాలుగడుగులు వెనక. మిమ్మల్ని నాతో ఎవరైనా చూస్తే నాకు నామోషీ.”