రెండు చుట్ల నట్లు

"మా నాన్నను ఎవరో చంపాలని చూస్తున్నారండీ," అంది ఆ అమ్మాయి కుర్చీ అంచున కూర్చుని. ఆమె మొహాన నెత్తుటి చుక్క లేదు.

డిటెక్టివ్ నిదానంగా తల ఊపాడు. పక్కనున్న అసిస్టెంటు అప్పటికే పెన్సిల్ చెక్కేశాడు. గురువుగారు తుమ్మినా అందులో ఏదో ఆధారం ఉంటుందని నమ్మే మనిషి అతను.

ఆ అమ్మాయి వాళ్ళకో తెరచాప పడవ ఉంది. అమ్మా నాన్నా దూరప్రయాణం పెట్టుకుని, దాని పాత ఇంజను తీయించేశారు. కొత్తదాన్ని ఏరికోరి ఎంచింది అమ్మే. ఆ ఇంట్లో స్పానర్ పట్టేది ఆవిడ, అందించేది ఆయన. కొత్త ఇంజను పడవలు బాగుచేసే యార్డుకు చేరేలోపే ఆవిడ నిద్రలో పోయింది. ఆయన కంటతడి పెట్టలేదు, పని ఆపొద్దని మాత్రం అన్నాడు. ఇప్పుడేమో పడవను నీళ్ళలోకి దింపుదామనుకున్న ప్రతిసారీ, ఇంజనును కదలకుండా పట్టి ఉంచే నాలుగు నట్లూ వదులై ఉంటున్నాయి. అలాగే బయల్దేరితే ఇంజను పక్కకు జరిగి, ప్రొపెల్లర్ షాఫ్టును లాగేస్తుంది. ఇక పడవలోకి నీళ్ళే.

"ఎవరు చూసి చెబుతున్నారు?"

"నాన్నేనండీ. దింపేముందు ఒకసారి చూసొస్తానని లోపలికెళ్తాడు. యార్డు ఓనరు ఇంజను బిగించిన మెకానిక్‌ని అనుమానిస్తున్నాడు. ఈ సాయంత్రం పనిలోంచి తీసేస్తాడట."

యార్డులో పడవ ఊతకర్రల మీద నిలబడి ఉంది. నిచ్చెనెక్కి లోపలికి దిగితే కొత్త రంగు వాసన. మెకానిక్ వేరే పడవ పనిలో ఉన్నాడు. విప్పిన నట్లన్నీ గలగలమంటూ ఓ రేకు డబ్బాలో పడేసుకుంటున్నాడు. తనకేమీ తెలియదన్నాడు, అంతకుమించి బతిమాలలేదు. ఓనరు మాత్రం చాలా మాట్లాడాడు. ఆ పడవను తనకు అమ్మేయమని పెద్దాయనను ఎప్పటినుంచో అడుగుతున్నానని కూడా ఆ మాటల్లోనే నోరు జారాడు. అసిస్టెంటు ఆ ముక్క కింద గీత గీశాడు.

డిటెక్టివ్ ఇంజను పక్కన మోకాళ్ళ మీద కూర్చుని నట్లు ఒక్కొక్కటే వేలితో తిప్పి చూశాడు. వదులుగానే ఉన్నాయి. కానీ నాలుగూ రెండేసి చుట్లు ఎక్కించి ఉన్నాయి.

తర్వాత పెద్దాయన ఇంటికి వెళ్ళారు. బల్ల మీద విప్పి పెట్టిన ఫ్యాను ఉంది. స్క్రూలన్నీ వాటి వాటి రంధ్రాల్లోనే ఉన్నాయి, ఒక్కోటి రెండు చుట్లు తిప్పి.

"మా ఆవిడ సగంలో వదిలేసింది. అలాగే పెట్టేది, ఏదీ పోకూడదని," అన్నాడాయన. వాతావరణం గురించి చెప్పినట్టే చెప్పాడు.

సాయంత్రం డిటెక్టివ్ అందరినీ పడవ కాబిన్‌లో కూర్చోబెట్టాడు.

"చంపాలనుకున్నవాడైతే పడవను బయల్దేరనిచ్చేవాడు. ఇక్కడ ప్రతిసారీ దింపకముందే సంగతి బయటపడుతోంది. ఓనరుగారికి ఈ పడవ కావాలి, కాబట్టి దాన్ని ముంచుకోరు. మెకానిక్ నట్లు డబ్బాలో వేస్తాడు. వదులు చేసిన మనిషి మాత్రం నట్టు పోకూడదని రెండు చుట్లు ఎక్కించి పెట్టాడు. ఆ పద్ధతి ఒక్క ఇంట్లోనే ఉంది. నేర్పిన ఆవిడ లేదు. నేర్చుకున్న ఆయన ఉన్నారు."

అసిస్టెంటు పెన్సిల్ ఆగిపోయింది. కూతురు తండ్రి వైపు తిరిగింది.

"అవును, నేనే," అన్నాడు పెద్దాయన. "ఇది మేమిద్దరం మొదలుపెట్టిన పని. నడుస్తున్నంతకాలం ఇద్దరిదీ. అయిపోతే నేనొక్కణ్ణే కదా ఎక్కాలి." మెకానిక్ వైపు చూశాడు. "నీ మీదికి వస్తోందని తెలుసు బాబూ. అయినా నాకేమీ అనిపించలేదు. ఆవిడ పోయిన రోజు నుంచీ ఏమీ అనిపించట్లేదు. నీకు అన్యాయం చేశాను."

మెకానిక్ లేచి స్పానర్ తెచ్చి పెద్దాయన చేతిలో పెట్టాడు.

ఆయన వంగి మూడు నట్లు బిగించాడు. నాలుగోదాని మీద స్పానర్ పెట్టి ఆగిపోయాడు.

"అదలా ఉండనివ్వండి సార్," అన్నాడు మెకానిక్. "రేపు చూద్దాం. ఎక్కడికీ పోదు."

అప్పుడు ఏడ్చాడు పెద్దాయన. కూతురు ఆయన చేతిలోంచి స్పానర్ తీసుకుని, పక్కన కూర్చుంది.